డెక్ కొటేషన్‌లో ఆ ఒక్క లైను

మీ ప్రశ్న చదివాను. కొత్తగా కొన్న ఇంటి వెనక డెక్, అంటే పెరటి వైపు వేసే చెక్క అరుగు, పుచ్చిపోయింది, పీకేసి కొత్తది వేయించాలి, చెక్కది మంచిదా, చెక్కపొట్టూ ప్లాస్టిక్కూ కలిపిన కాంపోజిట్‌ది మంచిదా అన్నది మీ సందేహం. మీరుండే చోట వేసవంతా ఉక్క, వానలు కూడా ఎక్కువే అన్నారు. రెండు కొటేషన్లు జతచేశారు. రెండింటిలోనూ పైన పరిచే పలకల గురించి ఫొటోలతో, రంగులతో పేజీన్నర ఉంది. వాటిని మోసే దూలాల గురించి మాత్రం ఒక్కటే లైను: "ఫ్రేమ్ - స్టాండర్డ్". మీరు ముందు నిలదీయాల్సింది ఆ లైనుని. చెక్కా కాంపోజిటా అన్నది తర్వాత చూద్దాం.

ముందే చెప్తున్నా, నాది డబ్బు యావ. అమెరికా వచ్చిన కొత్తలో ప్రతి డాలర్నీ రూపాయల్లోకి మార్చి చూసుకున్నవాణ్ణి. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు, పోగొట్టుకునే ఉద్దేశమూ లేదు. ఇప్పుడొస్తున్న మీలాంటివాళ్లకి ఉద్యోగంలో కుదురుకునేలోపే ఇల్లు, ఇల్లు సర్దుకునేలోపే డెక్ కావాలి. తప్పని అనను, సంపాదిస్తున్నారు. కాకపోతే డెక్ అనేది ఒక్కసారి కొనే వస్తువు కాదు, ఏటేటా మన దగ్గర డబ్బు అడుగుతూనే ఉంటుంది. ఎంత అడుగుతుందన్నది కట్టించిన రోజే తేలిపోతుంది.

తేమ సంగతి ముందు అర్థం చేసుకోండి, దీని మీదే చాలామంది పొరబడతారు. చెక్కని పుచ్చబెట్టేది ఫంగస్. చెక్కలో తేమ 20 శాతం లోపే ఉంటే అది ఏమీ చేయలేదు. 30 శాతం దాటి, అక్కడే నిలిచిపోతే ఇక దానికి పండగే. గాలిలో తేమ 80 శాతం ఉన్నా, వాన తగలని చెక్కలో తేమ 16 శాతం దగ్గర ఆగిపోతుంది. అంటే ఉక్క వాతావరణం ఒక్కటే డెక్‌ని పుచ్చబెట్టదు. అది చేసేదల్లా, వానకి తడిసిన చెక్కని ఆరనివ్వకపోవడం. పొడి ప్రాంతంలో మధ్యాహ్నానికి ఆరిపోయే సందు, మీ దగ్గర మళ్లీ వాన పడేదాకా తడిగానే ఉంటుంది. కాబట్టి ఏ చెక్క అన్నదానికన్నా నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, అక్కడికి గాలి ఆడుతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఇది నాకు పుస్తకం చదివితే తెలియలేదు. నా మొదటి ఇంటికి డెక్ వేయించినప్పుడు నా దృష్టంతా పైపలకల మీదే. పక్కింటివాళ్ల సెడార్ డెక్ చూసి, ఆ ఎర్రటి రంగు, ఆ వాసన నచ్చి, నాకూ అదే కావాలన్నాను. చేవ ఉన్న కర్రకి చెద పట్టదు, పుచ్చదు అని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాళ్లం కదా. సెడార్‌కి ఆ గుణం ఉందని చదివాను, చాలనుకున్నాను. కాంట్రాక్టర్ రెండు గ్రేడ్‌ల ధరలు చెప్పాడు. తక్కువ దాన్ని ఎంచుకున్నాను, బేరం కుదిరిందని సంతోషించాను కూడా. ఆ తక్కువ గ్రేడ్ పలకల్లో సగం అంచులు తెల్లగా ఉన్నాయి. ఆ తెల్ల భాగం చేవ కాదు, చెట్టు పైపొర. సెడార్ అయినా, రెడ్‌వుడ్ అయినా, టేకైనా సరే, చేవకే మన్నిక. ఆ తెల్ల భాగానికి పేరు గొప్ప తప్ప రక్షణ ఏమీ లేదు. పలక పలకకి అతుకు పడిన చోట, మేకు దిగిన చోట, అంచుల దగ్గర, ముందుగా అవే మెత్తబడ్డాయి. స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే దిగిపోయేది.

అదీ పెద్ద నష్టం కాదు. పలకలు మార్చుకోవచ్చు, డబ్బు పోయిందని కొన్నాళ్లు నిద్ర పట్టదు, అంతే. అసలు దెబ్బ ఇంటి గోడ దగ్గర తగిలింది. డెక్‌ని ఇంటికి బిగించే అడ్డ దూలం ఉంటుంది, లెడ్జర్ అంటారు. దాని పైన నీళ్లు వెనక్కి పోకుండా వంచిన రేకో, ప్లాస్టిక్ పట్టీయో పెట్టాలి. మా కాంట్రాక్టర్ అది పెట్టలేదు. పెట్టమని అడగాలని నాకు తెలియదు. పైగా ఆయన కొటేషన్‌లో ఆ లైను లేనందువల్లే మిగతావాళ్ల కన్నా తక్కువ వచ్చిందని ఇప్పుడు లెక్క వేసుకుంటే తెలుస్తోంది. ప్రతి వానకీ నీళ్లు లెడ్జర్ వెనక చేరి ఇంటి దూలంలోకి దిగాయి. బయటికేమీ కనపడలేదు. పలకలు మార్చడానికి పీకినప్పుడు చూస్తే, ఇంటి గోడ కింద చెక్క చేత్తో పొడి చేయొచ్చు. డెక్‌కి అయినదానికన్నా ఇంటి గోడ బాగుచేయడానికే ఎక్కువ అయింది. ఇన్సూరెన్స్‌వాళ్లు నిదానంగా పుచ్చినదానికి డబ్బు ఇవ్వం అన్నారు. ఇండియాకి పంపుదామని పక్కన పెట్టిన డబ్బంతా ఆ గోడలోకి పోయింది.

ఆ తర్వాత వేయించినది మాత్రం దగ్గరుండి చేయించుకున్నాను. ఇప్పటికీ చెక్కుచెదరలేదు. పక్కవీధిలో పని చేయడానికి వచ్చిన ఒక కాంట్రాక్టర్ కిందకి వంగి చూసి, "మీ ఫ్రేమ్ ఎవరు కట్టారు?" అని అడిగాడు. ఇందులో నాకు కొంచెం గర్వం ఉన్న మాట నిజమే.

ఇక మీ "స్టాండర్డ్" సంగతి. ఫ్రేమ్ ఎలాగూ ప్రెషర్ ట్రీట్‌మెంట్ చేసిన చెక్కే అవుతుంది, అంటే పుచ్చకుండా ఒత్తిడితో లోపలికి మందు ఎక్కించినది. ఇక్కడ దక్షిణాన ఎక్కువగా సదరన్ పైన్ వాడతారు. దానికి సొంత మన్నిక పెద్దగా లేదు. కానీ దాని తెల్ల భాగం స్పాంజిలా మందుని లోపలికి పీల్చుకుంటుంది, అదే దాని విలువ. ప్రతి చెక్క చివర చిన్న ట్యాగ్ కొట్టి ఉంటుంది. దాని మీద యూసీ 3బీ అని ఉంటే నేలకి పైన, గాలి ఆడే చోట వాడేది. యూసీ 4ఏ అంటే నేలకి తగిలినా తట్టుకునేది. మీ ఫొటోలో డెక్ నేలకి జానెడు ఎత్తులో ఉంది, కింద గాలి ఆడదు. కాబట్టి దూలాలు, స్తంభాలు అన్నీ 4ఏ కావాలని కొటేషన్‌లో రాయించండి. రెండింటికీ ధరలో తేడా మీరు భయపడేంత ఉండదు, పైపలకల రంగు మార్చుకుంటే అయ్యే తేడా అంతకన్నా ఎక్కువ. కోసిన చివరలకి లోపల మందు ఎక్కి ఉండదు కాబట్టి కాపర్ నాఫ్తనేట్ అనే మందు బ్రష్‌తో పూయాలి. డబ్బా ఖర్చు స్వల్పం, పని చాలా తేలిక. అయినా ఎవరూ చేయరు. మీరు ఎదురుగా నిలబడితే చేస్తారు.

దూలాల నెత్తిన అంటించే బ్యూటైల్ టేప్ కూడా రాయించండి. పలకకీ దూలానికీ మధ్య చేరిన నీళ్లు స్క్రూ రంధ్రాల గుండా దూలంలోకి దిగకుండా అది అడ్డుకుంటుంది. లెడ్జర్ పైన రేకు తప్పనిసరి. అయితే అల్యూమినియం రేకు వద్దు, ట్రీట్ చేసిన చెక్కలోని రాగి దాన్ని తినేస్తుంది. లెడ్జర్‌ని మేకులతో కాకుండా బోల్టులతోనో, దానికోసమే చేసిన స్ట్రక్చరల్ స్క్రూలతోనో బిగించాలి. డెక్‌లు కూలిన వార్తల్లో తరచూ కనిపించేది మేకులతో కొట్టిన ఈ చోటే.

రాగి మాట వచ్చింది కనుక స్క్రూల గురించి. అమెరికాలో 2003 ఆఖరు దాకా ఇళ్ల దగ్గర వాడే చెక్కకి సీసీఏ అనే మందు పెట్టేవాళ్లు, అందులో ఆర్సెనిక్ ఉండేది. అది ఆపేశాక ఏసీక్యూ, కాపర్ అజోల్ అనే మందులు వచ్చాయి. వీటిలో రాగి ఎక్కువ. మామూలు స్క్రూలని, పైపైన పూత పూసిన చవక స్క్రూలని ఈ రాగి తుప్పు పట్టిస్తుంది. తేమ ప్రాంతంలో ఇంకా తొందరగా. హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి తీసినవి) కానీ స్టెయిన్‌లెస్ కానీ వాడాలి. సముద్రం దగ్గరైతే 316 రకం స్టెయిన్‌లెస్. డెక్ మొత్తం ఖర్చులో స్క్రూల వాటా ఏపాటి? అక్కడ మిగిల్చుకునేవాడిని నేను పొదుపరి అనను. ఇంకో మాట, మీ పాత డెక్ 2004కి ముందుదైతే పీకిన చెక్కని పొయ్యిలో పెట్టడం, పెరట్లో తగలబెట్టడం చేయకండి. ఆ బూడిదలో, పొగలో ఆర్సెనిక్ ఉంటుంది.

ఇప్పుడు పైపలకలు. కాంపోజిట్ అంటే చెక్కపొట్టు, ప్లాస్టిక్ కలిపి పోత పోసింది. తొలి రోజుల్లో వచ్చిన రకాలకి పైన తొడుగు ఉండేది కాదు. పొట్టు నీళ్లు పీల్చి, నల్లగా బూజు పట్టేవి. ఇప్పటివాటికి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, కానీ కొన్నిటికి మూడు వైపులే, అడుగు భాగం ఉత్తగా వదిలేస్తారు. నేలకి దగ్గరగా ఉన్న మీ డెక్‌కి నాలుగు వైపులా తొడుగు ఉన్నది, లేదా పొట్టు అసలు లేని పీవీసీది అడగండి. పుచ్చవు, చెద తినదు, రంగు వేయక్కర్లేదు. ఆకులూ పుప్పొడీ చేరితే వాటి మీదా పాచి పడుతుంది, కడుక్కోవాలి. ముదురు రంగుది ఎండలో కాలు పెట్టనివ్వదు. ఇవి చెక్కలా గట్టిగా మోయవు. దూలాల మధ్య 16 అంగుళాలకి మించకూడదని, పలకలు ఐమూలగా వేస్తే 12 అంగుళాలే అని చాలా కంపెనీలు చెప్తాయి. ఐమూలగా వేస్తే అందంగా ఉంటుందని మీ రెండో కాంట్రాక్టర్ ఊరించాడు చూశారా, దానికి దూలాలు ఎన్ని పెరుగుతాయో ఆయన రాయలేదు.

వారంటీ 25 ఏళ్లని అట్ట మీద రాసి ఉంటుంది. అది పలకకి. కింద దూలానికి కాదు, చాలా కంపెనీల దగ్గర మళ్లీ బిగించే కూలికీ కాదు. పదేళ్లకి దూలం పుచ్చితే, కొత్తలా మెరిసే మీ ఖరీదైన పలకలని ఊడదీయడానికి ఒక కూలి, మళ్లీ వేయడానికి ఇంకో కూలి. చవక ఫ్రేమ్ మీద ఖరీదైన కాంపోజిట్ నా లెక్కలో అన్నిటికన్నా దండగ. దానికన్నా మంచి ఫ్రేమ్ మీద మామూలు ట్రీటెడ్ పైన్ పలకలు వేసుకుని, చేతిలో డబ్బు ఆడినప్పుడు పైవి మార్చుకోవడం నయం. ముందే అనుకుంటే దూలాలు 16 అంగుళాలకే వేయించుకోండి, అప్పుడు ఐమూలగా కాకుండా నేరుగా వేసే ఏ పలకైనా కూర్చుంటుంది.

ఐపే గురించి కూడా అడిగారు. దక్షిణ అమెరికా కలప, సదరన్ పైన్ కన్నా నాలుగు రెట్లు గట్టిది, చేవ చేవే. రంగు వేయకపోతే బూడిద రంగుకి తిరుగుతుంది తప్ప దానికేమీ కాదు. ప్రతి స్క్రూకీ ముందు రంధ్రం వేయాలి, కూలి పెరుగుతుంది. 2024 నవంబరు నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉంది కాబట్టి అమ్మేవాడి దగ్గర కాగితాలు అడగాలి. అప్పు తీరని ఇంటికి ఐపే ఎందుకని నా అభిప్రాయం. వేడితో మార్చిన థర్మల్ వుడ్ పైపలకలకి బాగుంటుంది, ఫ్రేమ్‌కి పనికిరాదు.

మీ ఇంటి ముందు వైపు పోర్చ్ (వసారా) కప్పు కింద ఉంది కదా అని తేలిగ్గా తీసుకోకండి. అక్కడ పలకలు సందు లేకుండా ఒకదాంట్లో ఒకటి దూర్చి వేస్తారు. నీళ్లు కిందకి కారే దారి లేదు, జల్లు కొడితే పైనే నిలుస్తుంది. అడుగుకి పావు అంగుళం చొప్పున బయటికి వాలు ఉండాలి. పలకలు బిగించకముందే నాలుగు పక్కలా, చివరలకి కూడా ప్రైమర్ వేయాలి. బిగించాక పైన మాత్రమే రంగు వేస్తే కింద నుంచి ఆవిరి ఎక్కి పెచ్చులుగా లేస్తుంది. అడుగున అందం కోసం చుట్టూ మూసేయొద్దు, జాలీ పెట్టించండి.

స్టెయిన్ (చెక్కకి పట్టించే రంగు) తొందర వద్దు. ట్రీట్ చేసిన చెక్క కొత్తలో లోపల తడిగా ఉంటుంది. దాని మీద నాలుగు చుక్కల నీళ్లు వేస్తే లోపలికి ఇంకాలి, అప్పుడే వేయాలి. చెక్కలోకి ఇంకే రకం తీసుకోండి. నడిచే చోట పెయింట్ పొరలా కూర్చునేది వేస్తే రెండు వానాకాలాల్లో ఊడి, గీకడానికి మళ్లీ ఖర్చు.

పర్మిట్, హెచ్‌ఓఏ (కాలనీ ఇంటి యజమానుల సంఘం) అనుమతి, రెయిలింగ్ ఎత్తు, ఇవన్నీ మీ సిటీ వెబ్‌సైట్‌లో ఉంటాయి. చదువుకున్నవాళ్లు, చూసుకోగలరు. పర్మిట్ లేకుండా కానిచ్చేద్దాం, చవకగా పోతుంది అనేవాడిని మాత్రం గుమ్మంలోంచే పంపించేయండి. ఇల్లు అమ్మేటప్పుడు ఆ చవకని మీరే కట్టాలి.

డబ్బు ఇచ్చే పద్ధతి కూడా చెప్తాను. ముందే సగానికి పైగా ఇవ్వకండి. ఫ్రేమ్ అయ్యాక, పలకలు పరచకముందు ఒకరోజు పని ఆపమనండి. ఆ రోజు ట్యాగులు, రేకు, టేప్, స్క్రూల డబ్బా మీద పేరు, అన్నీ చూసి ఫొటోలు తీసుకుని, అప్పుడు రెండో వాయిదా ఇవ్వండి. ఇదంతా రాయించాక కొటేషన్ పెరుగుతుంది, పెరగాలి కూడా. మీ ప్లాన్ 16 అడుగులకి 20 అడుగులు ఉంది. దాన్ని 12కి 16 చేయండి. వైశాల్యం 40 శాతం తగ్గుతుంది, పెరిగిన ఫ్రేమ్ ఖర్చు చాలావరకు అందులోనే సర్దుకుంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. 20 అడుగుల పలకలు అన్నిచోట్లా దొరకవు, దొరక్కపోతే మధ్యలో అతుకు వేస్తారు, నీళ్లు నిలిచేది అక్కడే. 16 అడుగులవి ఎక్కడైనా ఉంటాయి, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే పలక వస్తుంది. సవరించిన కొటేషన్ వచ్చాక పంపండి, చూసి చెప్తాను.