పుస్తకాలన్నీ తెరమీదికి వచ్చాక లైబ్రేరియన్‌కు పనేముంటుంది?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. లైబ్రరీ సైన్స్‌లో పీజీ చేస్తానంటోంది. అన్నీ ఫోన్‌లోనే దొరుకుతున్నప్పుడు యూనివర్సిటీ లైబ్రరీలు ఇంకెన్నాళ్లుంటాయి? డేటా సైన్స్ మేలని నా అభిప్రాయం. రెండింటినీ పోల్చి చెప్పగలరు. - ఒక తండ్రి

జవాబు: ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఒకప్పుడు ‘ఇంటర్నెట్ వచ్చింది కదా’ అనేవారు, తర్వాత ‘గూగుల్ ఉంది కదా’ అన్నారు, ఇప్పుడు ‘ఏఐ ఉంది కదా’ అంటున్నారు. అడుగున ఉన్న భయం మాత్రం ఒకటే: మీ అమ్మాయి ఏం చేస్తోందని నలుగురూ అడిగితే ఏమని చెప్పుకోవాలి? ముందు దానికే జవాబిస్తాను.

లైబ్రరీ అనగానే మీకు గుర్తొచ్చేది పుస్తకం మీద తేదీ ముద్ర వేసి ఇచ్చే మనిషి. ఆ పని తగ్గిపోతున్న మాట నిజమే, దాన్ని దాచను. అయితే పుస్తకం తెరమీదికి రావడంతో మిగిలిన పని పెరిగింది, చిక్కుపడింది కూడా. కొన్న అచ్చు పత్రిక, మరుసటి ఏడాది చందా కట్టకపోయినా అరలోనే ఉంటుంది. ఈ-జర్నల్ చందా ఆగితే, ఒప్పందంలో ముందే రాయించుకోనిపక్షంలో, పాత సంచికలు కూడా అందకుండా పోవచ్చు. ఆ షరతు చదివి, బేరమాడి రాయించవలసింది లైబ్రేరియనే. 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధన పత్రికలు ప్రచురించే ఎల్సెవియర్ సంస్థ చందాను వదులుకుని, తమ పరిశోధకుల వ్యాసాలు అందరికీ ఉచితంగా అందేలా 2021లో కొత్త ఒప్పందం కుదుర్చుకున్నప్పుడు, ఆ చర్చల్లో లైబ్రరీల వాళ్లు ముందు వరుసలో ఉన్నారు. 2023 అక్టోబరులో సైబర్ దాడితో బ్రిటిష్ లైబ్రరీ ఆన్‌లైన్ కేటలాగు మూతపడి, మరుసటి జనవరి దాకా తెరుచుకోలేదు. పుస్తకాలు ఎక్కడివక్కడే ఉన్నా, ఏది ఎక్కడుందో చూసుకునే దారి లేక పరిశోధకులు ఇబ్బంది పడ్డారు.

ఏఐ సంగతికి వద్దాం. ఒక పరిశోధక విద్యార్థి ఏఐ రాసిచ్చిన ఆధారాల జాబితాతో లైబ్రరీకి వచ్చాడనుకోండి. రచయిత, పత్రిక, సంపుటి, పుటలు, వ్యాసాన్ని ఆన్‌లైన్‌లో గుర్తుపట్టే డీఓఐ సంఖ్య, అన్నీ ముచ్చటగా ఉంటాయి. ఆ సంఖ్య కొట్టి చూస్తే అది ఎక్కడికీ పోదు. ఆ సంపుటి తెరిస్తే ఆ పుటల్లో ఇంకెవరిదో వ్యాసం ఉంటుంది. జాబితాలోని వ్యాసం అసలు పుట్టనే లేదు. దాన్ని పట్టుకోవడం, పట్టుకోవడమెలాగో ఆ విద్యార్థికి నేర్పడం ఇప్పుడు లైబ్రేరియన్ పనిలో భాగం.

డేటా సైన్స్ విషయంలో నా సందేహాలు కాస్త ఎక్కువే. ఆ శాస్త్రం మీద కాదు, ఆ పేరు తగిలించుకున్న పొట్టి కోర్సుల మీద. శుభ్రం చేసి పెట్టిన పట్టిక ఇచ్చి, సిద్ధంగా ఉన్న ప్రోగ్రామ్ నడిపించి, సర్టిఫికెట్ చేతిలో పెడతారు. ఉద్యోగంలో అలాంటి పట్టిక ఎవరూ ఇవ్వరు. పైగా గణాంకశాస్త్రం గట్టిగా రాని పిల్లలు చేయగలిగే మొదటి మెట్టు పనులనే ఏఐ ముందుగా అందుకుంటోంది. డేటాను ఎవరు, ఎప్పుడు, ఏ కొలతలో సేకరించారో నమోదు చేసి, పదేళ్ల తర్వాత కూడా దొరికేలా భద్రపరచడం మెటాడేటా పని. అది లైబ్రరీ సైన్స్ వాళ్ల విద్యే.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అభిప్రాయం ఉంది గానీ, ఆ చదువు అమ్మాయికి ఎందుకు నచ్చిందో ఒక్క ముక్క లేదు. ఆమెను అడిగారా? అడగకుండా, నా మాట చూపించి ఆమె నోరు మూయించాలనుకుంటే అది పెద్దరికం అనిపించుకోదు.

పోలిక అడిగారు గనుక చెబుతున్నాను. లైబ్రరీ ఉద్యోగాలు తక్కువ, వాటికోసం ఓపిక పట్టాలి. డేటా సైన్స్‌లో నిలదొక్కుకున్నవారికి జీతం ఎక్కువే, కానీ నిలదొక్కుకోవాలంటే గణితం మీద ప్రేమ ఉండాలి.

అమ్మాయికీ ఒక మాట. నిశ్శబ్దంగా కూర్చుని చదువుకోవచ్చనే ఆశతో ఈ చదువుకు వెళ్తుంటే వద్దు. కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో ఇంట్లోని ఒక యాభై పుస్తకాలకు కేటలాగు తయారుచేయమనండి. ఇరవయ్యో పుస్తకం దగ్గర విసుగొస్తే తానే ఆలోచన మార్చుకుంటుంది. అలా కాక, ఒకే రచయిత ఇంటిపేరు ఒక అట్టమీద పూర్తిగా, మరో అట్టమీద పొడి అక్షరంగా ఉంది, ఏది ఖాయం చేయాలని మీతో వాదన పెట్టుకుంటే దరఖాస్తు ఫారం తెప్పించండి.