కాస్త బాగున్న రోజే కొంప ముంచుతోంది

ప్రశ్న: మాది తిరుపతి. వయసు 42. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. మూడేళ్లుగా నడుము నొప్పి. ఈ మధ్య నొప్పి కంటే నీరసమే ఎక్కువైంది. రాత్రంతా పడుకున్నా పొద్దున లేవబుద్ధి కాదు. కాస్త బాగున్న రోజు మిగిలిన పనులన్నీ చేసేస్తాను, మర్నాడు మంచం దిగలేను. 'నిన్న బాగానే ఉన్నావు కదా' అంటారు మా ఆయన. మా వాడికి సీటొస్తే అలిపిరి మెట్లెక్కుతానని మొక్కుకున్నాను. సీటొచ్చింది. మా అత్తమ్మ రోజూ గుర్తు చేస్తున్నారు. నేను నిజంగానే బద్ధకస్తురాలినా?

జవాబు: బద్ధకం ఉన్నవాళ్లు ఒక్కరోజు ఓపిక రాగానే మిగిలిన పనులన్నీ ముందేసుకుని కూర్చోరమ్మా. ఆ మాట మనసులోంచి తీసేయండి.

మూడు నెలలు దాటిన నొప్పిని డాక్టర్లు దీర్ఘకాలిక నొప్పి అంటారు. మీది మూడేళ్లది. రాత్రి పక్కకు తిరిగినప్పుడల్లా అది నిద్ర చెడగొడుతుంది. పొద్దునకు మీకు గుర్తుండదు కానీ, గాఢనిద్ర మాత్రం పట్టి ఉండదు. పగలు మిషన్ ముందు కూర్చున్నంతసేపూ నడుమును కాపాడుకోవడానికి చుట్టూ కండరాలు బిగుసుకునే ఉంటాయి. కుట్టినా కుట్టకపోయినా ఒంటికి అదీ ఒక పనే. ఇక అలసట రాక ఏం చేస్తుంది?

అలాగని అంతా నొప్పి మీదకే తోసేయకండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బి12, విటమిన్ డి పరీక్షల గురించి డాక్టర్‌ను అడగండి. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనతే. మీరు రాయలేదు కానీ, మెడికల్ షాపులో అడిగి నొప్పి బిళ్లలు తెచ్చుకుని వేసుకుంటూ ఉంటారని నా అనుమానం. వాటిని నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడి, తెలియకుండానే రక్తం పోవచ్చు, కిడ్నీలూ దెబ్బతినొచ్చు. నరాల నొప్పికిచ్చే కొన్ని మందులతో మత్తుగా ఉంటుంది. అలాంటివి వాడుతుంటే డాక్టర్‌తో చెప్పి మోతాదో, వేసుకునే వేళో మార్పించుకోండి. సొంతంగా మానేయొద్దు. ఊళ్లోనే రుయా ఆసుపత్రి ఉంది, ఎముకల సమస్యలకు బర్డ్ ఆసుపత్రి ఉంది. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా అదే రోజు వెళ్లాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మిమ్మల్ని పడేస్తున్నది ఆ బాగున్న రోజే. ఆరోజు చేయగలననిపించిన పనిలో సగానికే ఆపేయండి. నాలుగు బ్లౌజులు కుట్టగలననిపిస్తే రెండే కుట్టండి. నొప్పి మొదలయ్యాక కాదు, ముందే, ఇరవై నిమిషాలకోసారి మిషన్ దగ్గర నుంచి లేవండి. డెలివరీ తేదీ రెండు రోజులు ఎక్కువ పెట్టి చెప్పండి. పెళ్లిళ్ల సీజన్‌లో ఇది కష్టమే, ఒకరిద్దరు వేరే టైలర్ దగ్గరికి పోతారు కూడా. పోనివ్వండి. బాగాలేని రోజు కూడా పూర్తిగా పడుకోకుండా, వీధి చివరిదాకా అయినా నడిచి రండి. కదలకపోతే కండరాలు ఇంకా నీరసపడతాయి.

మీ ఆయన్ను ఈసారి డాక్టర్ దగ్గరికి వెంటబెట్టుకెళ్లండి. మీరు పదిసార్లు చెప్పినది ఆయన అక్కడ ఒక్కసారి వింటే చాలు. ఇంట్లో 'ఒంట్లో బాగాలేదు' అని ఊరుకోకండి. 'వంట నేను చేస్తా, బట్టలు పిండి ఆరేయడం, బిందెలు మోయడం ఈరోజు మీరు చూసుకోండి' అని విడమరిచి చెప్పండి.

ఇక మొక్కు. అలిపిరి దారిలో దాదాపు 3,550 మెట్లు. ఇప్పుడు మాత్రం వద్దు. సీటొచ్చింది మీ వాడికే కదా, వాడే ఎక్కుతాడు. మీరూ అత్తమ్మా కలిసి బస్సులో కొండకు వెళ్లండి. ఆవిడకూ మోకాళ్ల నొప్పులుంటే, ఈ మాటకు మీకంటే ముందు ఆవిడే ఒప్పుకుంటారు.

ఒక్కటి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా, బతకాలనిపించకపోయినా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.