ఎకరా వరికి ఎన్ని కార్బన్ క్రెడిట్లు?

ప్రశ్న: ఆరెకరాలు కౌలుకు చేస్తున్నాను. వరి మడిని మధ్యమధ్య ఆరబెడితే కార్బన్ క్రెడిట్లు వస్తాయంటూ ఒక కంపెనీ మనిషి సంతకం అడుగుతున్నాడు. నిజంగా ఎంత వస్తుంది?
– ఓ రైతు, కోవూరు మండలం

జవాబు: ఒక క్రెడిట్ అంటే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన తగ్గింపు; తాము వదిలే ఉద్గారాలకు బదులుగా కంపెనీలు దాన్ని కొంటాయి. ఐపీసీసీ (ఐక్యరాజ్య సమితి వాతావరణ మార్పుల నిపుణుల సంఘం) లెక్కలో దక్షిణాసియాలో ఎప్పుడూ నీళ్లు నిలిచే వరి పొలం హెక్టారుకు (దాదాపు రెండున్నర ఎకరాలు) రోజుకు 0.85 కిలోల మీథేన్ వదులుతుంది. 110 రోజులకు 93 కిలోలు. పలుమార్లు ఆరబెడితే 45 శాతం, అంటే 42 కిలోలు తగ్గుతుంది. భూమిని వేడెక్కించడంలో మీథేన్‌ను కార్బన్ డయాక్సైడ్‌కు 28 రెట్లుగా లెక్కగడతారు కాబట్టి అది దాదాపు 1.2 టన్నులు. ఎకరాకు అర టన్నే! మీ ఆరెకరాలకూ కలిపి పంటకు మూడు క్రెడిట్లు. ఎకరాకు రెండు మూడంటే నమ్మకండి.

30 సెంటీమీటర్ల పీవీసీ గొట్టానికి కింది సగంలో చిల్లులు పెట్టి, ఆ సగాన్ని మట్టిలో దించి లోపలి మట్టి తీసేయండి. నాటిన రెండు వారాలకు మొదలుపెట్టి, గొట్టంలో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ 5 సెంటీమీటర్ల నీళ్లు పెట్టాలి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం ఆరనివ్వకండి, తాలు పెరుగుతుంది. యూరియా మోతాదు మించితే భూమిని వేడెక్కించే మరో వాయువైన నైట్రస్ ఆక్సైడ్ పెరిగి లాభంలో కొంత తినేస్తుంది.

మన దగ్గర అసలు చిక్కు వానలది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో మడి ఆరదు. పై మడి నీళ్లు మీ మడిలోకి దిగేచోటా అంతే. ఎడగారు (వేసవిలో వేసే రెండో) పంటకే ఇది బాగా కుదురుతుంది. ఆరని మడిని ఆరినట్టు రాయించుకుంటే, ఆ క్రెడిట్ కొన్నవాడు వదిలే టన్ను గాలిలోనే మిగులుతుంది. సంతకానికి ముందు క్రెడిట్ ఎవరి పేరున ఉంటుందో, భూయజమానికి వాటా ఎంతో, కొలత ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న: ఈ వ్యాపారంతో ఫ్యాక్టరీల కాలుష్యం తగ్గుతుందా?
– ఓ విద్యార్థిని, ఒంగోలు

జవాబు: 2023లో నోటిఫై అయిన మన దేశ కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకంలో లక్ష్యం టన్ను ఉత్పత్తికి ఎంత ఉద్గారమనే. ఉదాహరణకు ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఉద్గారం టన్ను సిమెంటుకు 0.70 టన్నుల నుంచి 0.65కు దిగిందనుకోండి. సామర్థ్యం పెరిగినట్టే. అదే సమయంలో ఉత్పత్తి 10 లక్షల టన్నుల నుంచి 12 లక్షలకు పెరిగితే మొత్తం ఉద్గారం 7 లక్షల నుంచి 7.8 లక్షల టన్నులకు చేరుతుంది. లక్ష్యం వదులైనా ఇబ్బందే: ఐరోపాలో 2005లో ఫ్యాక్టరీలకు ఉద్గార అనుమతులు అవసరానికి మించి పంచడంతో 2007కల్లా వాటి ధర దాదాపు సున్నాకు పడిపోయింది. ఇక కృష్ణపట్నం చుట్టుపక్కల ఊళ్లను బాధించే థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద ఈ క్రెడిట్ల లెక్కలోకే రాదు. దానికి బూడిద వాడకం, దుమ్ము నియంత్రణ నిబంధనలే పట్టుకోవాలి.