కంపెనీ కారును మనకే అమ్మితే, పన్ను లెక్కలో దాని ధర ఎంత?

అన్నా, కంపెనీ 8 లక్షలు పెట్టి కొన్న కారును మీకు రెండున్నర లక్షలకు ఇస్తామంటోంది. నాలుగేళ్లు నిండడానికి ఇంకా నెలన్నర ఉంది. అనంతపురంలో మీ మెకానిక్ మూడు లక్షలకు మించి పలకదంటున్నాడు. పన్నుకు ఏ ధర చూస్తారనే కదా మీ ప్రశ్న?

మెకానిక్ చెప్పిన ధర చూడరు. ఇన్సూరెన్స్ కాగితంలోని ఐడీవీ (బీమా కోసం కారుకు కట్టిన విలువ), కంపెనీ పుస్తకాల్లో మిగిలిన విలువ కూడా లెక్కలోకి రావు. కారుకు కంపెనీ నిజంగా పెట్టిన ఖర్చులోంచి, వాడకంలో నిండిన ఒక్కో ఏడాదికి 20 శాతం తీసేస్తారు. రెండో ఏడాది నుంచి మిగిలిన మొత్తం మీదే 20 శాతం. అలా తేలిన ధరకన్నా మీరు తక్కువ కడితే, ఆ తేడాను మీ జీతంలో కలిపి పన్ను వేస్తారు. 2026 మార్చి వరకు అమల్లో ఉన్న 1962 నాటి ఆదాయపు పన్ను రూల్స్‌లో 3వ రూల్ చెప్పింది ఇదే.

ఇందులో ‘నిండిన’ అనే మాట దగ్గరే నేను దెబ్బతిన్నాను.

మాది కర్నూలు. విత్తనాల కంపెనీలో పనిచేసేటప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు వైపు పత్తి రైతుల దగ్గరికి తిరిగిన కారునే 2021 సెప్టెంబరు చివర్లో 3 లక్షలకు తీసుకున్నాను. కంపెనీకి అది 9 లక్షలు పడింది. ఆఫీసులో అందరూ నాలుగేళ్ల బండి అనేవాళ్లు, నేనూ అదే అనుకున్నాను. తర్వాతి నెల జీతం తక్కువ పడేసరికి టెన్షన్ వచ్చి ఫైలు తెప్పించుకున్నాను. అందులో ఇన్వాయిస్ జిరాక్స్ ఉంది. సగం చెరిగిన తేదీని వెలుతురుకు పెట్టి చూస్తే 23-10-2017. అంటే నిండింది మూడేళ్లే!

9,00,000 మొదటి ఏడాదికి 7,20,000, రెండో ఏడాదికి 5,76,000, మూడో ఏడాదికి 4,60,800 అయింది. నేను కట్టిన 3 లక్షలు పోను 1,60,800 జీతంలో కలిపారు. ఇంకో నెల ఆగి ఉంటే ధర 3,68,640కి దిగేది, కలిపేది 68,640 మాత్రమే. నాది 20 శాతం శ్లాబు కాబట్టి, సెస్సుతో కలిపి 19 వేలకు పైగా అదనంగా పోయింది. పాప స్కూలు ఫీజుకని పక్కన పెట్టుకున్న డబ్బు అది. తేదీ ఒక్కసారి చూసుకోమని ఎవరైనా ముందే చెప్పుంటే బాగుండేదని ఇప్పటికీ బాధేస్తుంది.

కంపెనీ కారు వాడుకున్నందుకు ఇన్నాళ్లూ పన్ను కోసం నెలనెలా జీతంలో కలిపిన 1,800 లేదా 2,400 లెక్క వేరు. అది ఇంజిన్ 1.6 లీటర్లు దాటిందా లేదా అన్నదాన్ని బట్టి ఉండేది, కారు ధరతో పనిలేదు.

ఇదే లెక్కలో ఇప్పుడే తీసుకుంటే మీ జీతంలో 1,59,600 కలుస్తుంది. నెలన్నర ఆగితే 77,680. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది కాబట్టి, ఈ లెక్కను కొత్త రూల్స్ ప్రకారం వేసి కాగితం మీద ఇవ్వమని అకౌంట్స్ వాళ్లను అడగండి. కారు వాడకం మొదలైన తేదీని ఇన్వాయిస్‌లోనూ ఆర్సీలోనూ మీ కళ్లతో చూసుకోండి. నాలుగేళ్లు నిండిన మర్నాటి తేదీతోనే అమ్మకం కాగితం రాయించుకోండి. తర్వాత, జీతం కాక కంపెనీ ఇచ్చిన సౌకర్యాల విలువ చూపే కాగితంలో (పాత రూల్స్‌లో ఫారం 16తో పాటు 12బీఏగా వచ్చేది) అదే అంకె పడిందో లేదో సరిచూసుకోండి.