ద్వారమూ ఆయనే, కాపరీ ఆయనేనా?

ప్రశ్న: యోహాను సువార్త 10వ అధ్యాయంలో యేసు ‘నేనే ద్వారమును’ అంటాడు, వెంటనే ‘మంచి కాపరిని’ అంటాడు. రెండూ ఎలా కుదురుతాయండీ?

జవాబు: చిన్నప్పుడు నాకూ ఇదే తికమకమ్మా. మా తాత గొర్రెల దొడ్డికి తలుపు లేదు. రాత్రి కంప అడ్డం లాగి, దానికి ఆనించి నులకమంచం వేసుకునేవాడు. నక్క లోపలికి రావాలంటే ఆయన్ని దాటాలి. ఆ మంచం గుర్తొస్తే మీ ప్రశ్న తేలిపోతుంది.

నా లెక్కలో అసలు సంగతి ‘కాపరి’లో ఉంది. పాత నిబంధనలో యెహెజ్కేలు ప్రవక్త గ్రంథం 34వ అధ్యాయంలో, మందను వదిలేసి తమ కడుపు నింపుకున్న కాపరుల మీద మండిపడి, నా గొర్రెల్ని నేనే మేపుకుంటానన్నది దేవుడు. అదే పోలిక యేసు తనకు పెట్టుకున్నాడు. తర్వాత చలికాలంలో, యెరూషలేము దేవాలయంలోని సొలొమోను మంటపంలో మళ్లీ గొర్రెల మాటే ఎత్తి, తండ్రీ నేనూ ఒక్కటే అనేసరికి వింటున్నవాళ్లు, మనిషై ఉండి తానే దేవుణ్ణంటున్నాడని, కొట్టడానికి రాళ్లందుకున్నారు.