అక్టోబరులో కుక్కతో ఏటి ఒడ్డుకి వెళ్లేముందు

చి. అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే శనివారం నీ కుక్క సింబాని తీసుకుని, మన వాషింగ్టన్ రాష్ట్రంలోని డారింగ్టన్ ఊరి దగ్గర ఓల్డ్ సాక్ ట్రెయిల్‌కి (అడవిలో నడకదారి) వెళ్తున్నావని మీ పెద్దమ్మ చెప్పింది. మంచి చోటే ఎంచుకున్నావు. సాక్ నది పక్కనే నాచు పట్టిన పెద్ద పెద్ద చెట్ల మధ్య నడక, ఎక్కుడు దిగుడు పెద్దగా ఉండదు, పోనూ రానూ దాదాపు 6 మైళ్లు. నేషనల్ ఫారెస్ట్ కాబట్టి లీష్ (మెడకి కట్టే తాడు) కట్టిన కుక్కని రానిస్తారు. అదే మౌంట్ రెయినియర్ నేషనల్ పార్కులో అయితే దాదాపు ఏ ట్రెయిల్ మీదా కుక్కల్ని అడుగు పెట్టనివ్వరు.

ఎలుగుబంటి గురించి నీకు అందరూ చెప్పే ఉంటారు. నేను చచ్చిన చేప గురించి చెబుతాను.

ఏటా ఈ కాలంలో సాల్మన్ చేపలు సముద్రం నుంచి ఏటికి ఎదురీది వచ్చి, గుడ్లు పెట్టి, అక్కడే చచ్చి ఒడ్డున పడుంటాయి. ఒకసారి అలాంటి ఒడ్డునే మా రాజాకి లీష్ విప్పేశాను. పట్టుమని రెండు నిమిషాలు కాలేదు, పరిగెత్తుకుంటూ వచ్చాడు. నోటి పక్కనుంచి తోక ముక్క వేలాడుతోంది. లాగి పారేసి, మూతి కడిగి, కారెక్కించాను. ఆరో రోజు పెరుగన్నం పెడితే వాసన చూసి మొహం తిప్పేసుకున్నాడు. పెరుగన్నం వద్దన్న రోజు వాడి జీవితంలో లేదు. వాంతులు, ఒళ్లు కాలిపోతోంది. డాక్టరుకి చూపిస్తే కడుపు పాడైందని మందిచ్చి పంపారు. చేప సంగతి వాళ్లు అడగలేదు, నాకు చెప్పాలని తట్టలేదు. మర్నాడు దవడ కింద బిళ్లలు కట్టాయి. ఇంకో డాక్టరు దగ్గరికి పరిగెత్తితే ఆవిడ అడిగిన మొదటి మాటే "పచ్చి చేప తిన్నాడా?" అని.

దాన్ని సాల్మన్ పాయిజనింగ్ అంటారు. చేప మాంసంలో కంటికి కనపడని పురుగు, ఆ పురుగులో బ్యాక్టీరియా ఉంటాయి. ట్రౌట్ చేపలోనూ ఉండొచ్చు. జబ్బు సాధారణంగా వారం లోపు బయటపడుతుంది. వైద్యం అందకపోతే రెండు వారాల్లోపే చాలా కుక్కలు పోతాయి. సకాలంలో యాంటీబయాటిక్ పడితే బతుకుతాయి. రాజా బతికాడు. ఆ నాలుగు రోజుల టెన్షన్ మాత్రం పగవాడికి కూడా వద్దు.

అందుకే లీష్ విప్పకు. బటన్ నొక్కితే సాగే రకం వద్దు, మామూలు 6 అడుగుల తాడు చాలు. ముక్కు నేలకి పెట్టి ఒడ్డు వైపు లాగాడంటే నీకంటే ముందే వాడికి వాసన తగిలిందన్నమాట, వెంటనే దగ్గరికి లాక్కో. ఒకవేళ తినేస్తే, ఆ తారీఖు ఫోన్‌లో రాసుకో. రెండు వారాలు కనిపెట్టి చూడు. తిండి మానేసినా, నలతగా కనిపించినా డాక్టరుకి మొదటి మాటగా చేప తిన్నాడనే చెప్పు.

నీళ్ల విషయం కూడా జాగ్రత్త. గ్లేసియర్ పీక్ అనే మంచుకొండ మీద కరిగిన మంచు ఆ ఏట్లోకే వస్తుంది, ఎండాకాలంలో కూడా వేలు పెడితే జివ్వుమంటుంది. కర్ర విసిరి తెమ్మనకు. కొట్టుకొచ్చిన దుంగల కిందికి ప్రవాహం లాగేస్తే కుక్కయినా మనిషైనా బయటికి రాలేరు. వాడు జారినా నువ్వు దూకొద్దు తల్లీ, ఒడ్డు వెంట కిందికి పరిగెత్తుతూ పేరు పెట్టి పిలువు. తాగడానికి ఇంటి నుంచే నీళ్లు, గిన్నె పట్టుకెళ్లు.

నీ సంచిలో కిస్‌మిస్, జీడిపప్పు కలిపిన పొట్లం ఉంటుందని నాకు తెలుసు. కిస్‌మిస్ కుక్కలకి విషం, ఒక్కటి కూడా పెట్టకు. ఉల్లిపాయ వేసిన ఉప్మా కూడా వద్దు. వాడికి వాడి తిండే.

అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు. చెట్ల కింద సాయంత్రం తొందరగా చీకటి పడుతుంది. పొద్దున్నే బయల్దేరి మూడింటికల్లా కారు దగ్గరికి వచ్చేయ్. డారింగ్టన్ చేరి సిగ్నల్ రాగానే పెద్దమ్మకి మెసేజ్ పెట్టు. ఆరు దాటినా రాకపోతే నేను షెరిఫ్ ఆఫీసుకి ఫోన్ చేసి, కారు తీసి వచ్చేస్తాను.

పెదనాన్న