సింగిల్టన్‌తో మొదలుపెట్టొద్దు

కర్నూలు

అబ్బీ,

డిజైన్ ప్యాటర్నుల మీద, అంటే ప్రోగ్రాములు రాసేటప్పుడు మళ్లీ మళ్లీ ఎదురయ్యే చిక్కులకు పనికొచ్చే పద్ధతుల మీద, నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివినా. మొదటిసారి మధ్యలో లేచిపోయి టీ పెట్టుకున్నా. ఎక్కడ లేచానో చెప్తే నీకు పనికొస్తుంది: రెండో పేరాలో. "డిజైన్ ప్యాటర్నులు మొత్తం 23. ఆబ్జెక్టుల్ని పుట్టించేవి 5, కూర్చేవి 7, నడవడిక చూసేవి 11." లెక్కలో తప్పు లేదు. 1994లో గామా, హెల్మ్, జాన్సన్, విలిసిడిస్ కలిసి తెచ్చిన పుస్తకంలో అన్నే ఉన్నాయి. కానీ కడపలో బీటెక్ రెండో ఏడాది చదివే పిల్లోడికి ఆ లెక్కతో ఏం పని? వాడికింకా నొప్పే మొదలు కాలేదు, నువ్వు ఇరవైమూడు మాత్రల డబ్బా ముందు పెట్టినావు.

నాకు ఇవి ఎట్లా పట్టుబడ్డాయో చెప్తా విను. చాలా ఏళ్ల కిందట ఇక్కడే ఒక మండీకి జావాలో బిల్లుల ప్రోగ్రాం రాసినా. మొదట ఉల్లిగడ్డ ఒక్కటే. తూకం, బస్తాకింత తరుగు, హమాలీ, కమీషన్, అన్నీ పోగా రైతు చేతికి ఇంత. తర్వాత శెనక్కాయలన్నారు, "ఈ సరుకైతే ఇట్లా చెయ్" అని ఒక ఇఫ్ పెట్టినా. పత్తి అన్నారు, ఇంకో ఇఫ్. పత్తికి తేమ శాతాన్ని బట్టి కోత మారుతుంది కదా, అందుకని దాని లోపల మళ్లీ మూడు ఇఫ్‌లు. తరుగు అనే వేరియబుల్ లూప్ బయట ఉంది. పత్తి దగ్గర దానికి కోత కలిపి, మళ్లీ సున్నా చేయడం మరిచిపోయినా. పత్తి బిల్లు వెనకాల వచ్చిన ఉల్లి బిల్లు ఆ మిగిలిన తరుగు మీదే తన తరుగు కూడుకుంది. కిటికీ దగ్గర ఒక పెద్దాయన కాగితం తిప్పి తిప్పి చూసి, వేళ్ల మీద లెక్కేసుకొని, "ఇంత తరుగు యాడిదప్పా?" అన్నాడు. గుమాస్తా నా మొహం చూశాడు. నేను స్క్రీన్ చూశాను.

ఆ రాత్రి కూర్చొని ఒక్కో సరుక్కి ఒక్కో క్లాసు చేసినా. అన్నిట్లో ఒకటే మెథడ్, పేరు కోతలెక్క. బిల్లు కట్టే క్లాసుకు ఎదురుగా ఉన్నది ఉల్లో పత్తో తెలియనక్కర్లేదు. చేతికిచ్చినదాన్ని "నీ కోత ఎంత?" అని అడుగుతుంది, చెప్పింది రాసుకుంటుంది. ఉల్లి తరుగు ఉల్లి క్లాసులోనే పుట్టి అక్కడే పోతుంది. తర్వాత మిరపకాయలు వచ్చినప్పుడు పాత లెక్కల్లో చెయ్యి పెట్టలేదు. కొత్త క్లాసు ఒకటి, సరుకు పేరు చూసి క్లాసును ఎంచేచోట ఒక లైను, అంతే. దీన్ని స్ట్రాటజీ అంటారని ఏడాది తర్వాత, ఆ పుస్తకం చేతికొచ్చినాక తెలిసింది. ఆ పేజీ తిప్పినప్పుడు పరాయి ఊరి బస్టాండులో మన ఊరి మనిషి కనబడినట్టయింది.

నీ వ్యాసం కూడా అట్లాంటి కిటికీ దగ్గర మొదలవ్వాల. ముందు చెడిన కోడ్ చూపించు, చదివేవాడి వేలు ఆ లైను మీద పడనీ. క్లాస్ డయాగ్రాం చివర్లో వచ్చినా ఎవరూ ఏడవరు.

ఉన్న ఆబ్జెక్టు మీద ఇంకోటి తొడిగి పని పెంచే ప్యాటర్న్ ఉంది కదా, ఆ డెకరేటర్‌కు నువ్వు రాసిన కారం దోసె పోలిక నాకు నచ్చింది. కడపోడివి, వేరే పోలిక ఎట్లా దొరుకుతుందిలే. కానీ దోసె మీద కారం పూశాక కూడా అది దోసెనే అని చెప్పి ఆగిపోయినావు. అసలు సంగతి ఆ తర్వాతే ఉంది. ధర అడిగితే మొదట పలికేది దోసె కాదు, పైనున్న పప్పులపొడి. అది తన కిందున్న కారాన్ని అడుగుతుంది, కారం దోసెను అడుగుతుంది. దోసె ముప్పై అంటుంది, కారం తన ఐదు కలిపి పైకి పంపుతుంది, పొడి ఇంకో ఐదు కలిపి నలభై అని నీకు చెప్తుంది. పిలుపు ఏ దారిన లోపలికి పోయి ఏ దారిన బయటికి వచ్చిందో రాయకపోతే పోలిక తినడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. దాని పక్కనే జావాలో ఫైల్ రీడర్‌కు బఫర్డ్ రీడర్ తొడిగే లైను చూపించు. రోజూ రాసే లైనే, పిల్లలు గుర్తుపడతారు.

ప్యాటర్న్ అనే ఆలోచన ఇళ్లు కట్టేవాళ్ల దగ్గర్నుంచి వచ్చిందని ఒక్క ముక్కలో రాసి వదిలేశావు. నాకైతే అక్కడ ఇంకాస్త కూర్చోవాలనిపించింది. క్రిస్టఫర్ అలెగ్జాండర్ అనే ఆర్కిటెక్టు, ఆయన తోటివాళ్లు 1977లో 253 ప్యాటర్నులు అచ్చేశారు. ఊరు ఎట్లా ఉండాల అనే దగ్గర్నుంచి గదిలో వెలుగు దాకా. పదేళ్లకు, 1987లో, కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్ ఆ పద్ధతిని స్మాల్‌టాక్ అనే భాషలో రాసే ప్రోగ్రాములకు తెచ్చారు. మీ అవ్వ వాళ్ల చవుడు మిద్దె గుర్తుందా? ఎండకు గోడలు మందం, అటూఇటూ పక్కిళ్ల గోడలే, కిటికీకి చోటు లేదు. వెలుగు రావాల, పొయ్యి పొగ పోవాల. అందుకే పైకప్పులో గవాక్షి. ఊరంతా అదే పని చేసింది, కానీ ఏ రెండు గవాక్షులూ ఒక్క కొలత కావు. దానికొక ఖర్చు కూడా ఉంది: వానొస్తే ఎవరో ఒకరు మిద్దెక్కి మూయాల. ఆ నలుగురి పుస్తకంలోనూ ప్రతి ప్యాటర్న్ కింద దాని పర్యవసానాలకు ఒక భాగం ఉంటుంది. నీ వ్యాసంలో గవాక్షి ఉంది, మిద్దెక్కే మనిషి లేడు. స్ట్రాటజీ వాడితే చిన్న చిన్న క్లాసులు పెరిగిపోతాయి, ఆ మాట రాయి.

రాయకపోతే ఏమవుతుందో నా మీదే అనుభవమైంది. పుస్తకం చదివిన మత్తులో బిల్లు అచ్చేయడానికి అబ్‌స్ట్రాక్ట్ ఫ్యాక్టరీ కట్టినా, రకరకాల ఆబ్జెక్టుల కుటుంబాల్ని పుట్టించే ప్యాటర్న్ అది. మండీలో ఉన్నది ఒకే ప్రింటర్. కొత్తగా చేరిన పిల్లోడికి బిల్లు ఏ లైనులో అచ్చవుతుందో వెతకడానికి సగం పూట పట్టింది. దొరికినాక నాకేసి చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. ఎక్కడపడితే అక్కడ వాడొద్దని ఆ నలుగురే రాశారు, మనమే ఆ పేజీ దాటేస్తాం.

మీలో సగంమంది పైథాన్ రాస్తారు కాబట్టి ఇది కూడా చేర్చు. 1996లో పీటర్ నార్విగ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త లిస్ప్, డిలన్ లాంటి భాషలు ముందు పెట్టుకొని చూస్తే, ఆ 23లో 16 బాగా చిన్నవైపోవడమో, కనబడకుండా పోవడమో జరిగింది. నా కోతలెక్క పైథాన్‌లో అయితే ఒక ఫంక్షన్‌ను చేతికివ్వడం, అంతే.

ఇక పేర్లు. ఒక క్లాసుకు ఒకే ఒక్క ఆబ్జెక్టు ఉండేట్టు చూసే సింగిల్టన్‌ను "ఏకాకి" అన్నావు, నవ్వుకున్నా. పేరు మార్చకు. రేపు ఆఫీసులో పక్కోడు "ఇక్కడ ఆబ్జర్వర్ పెడదాం" అంటే పిల్లోడికి తెలియాల కదా. తెలుగు వివరణలో ఉండనీ, పేరులో అక్కర్లేదు.

సింగిల్టన్ మాట వచ్చింది కాబట్టి: అది సులువని దాన్నే మొదటి వ్యాసం చేస్తానన్నావు. వద్దు. పిల్లలు దాన్ని గ్లోబల్ వేరియబుల్‌కు, అంటే ప్రోగ్రాంలో ఎక్కడినుంచైనా మార్చగలిగేదానికి, దొంగదారిగా వాడతారు, టెస్టులు రాసేటప్పుడు ఏడుస్తారు. 2009లో ఒక ఇంటర్వ్యూలో ఆ నలుగురిలో ఒకడైన గామానే, మళ్లీ రాస్తే సింగిల్టన్‌ను తీసేయడానికే తన ఓటని చెప్పాడు. ఎప్పుడైనా రాయి, మొదట మాత్రం కాదు.

ఇరవైమూడు వ్యాసాల మాట ఇప్పుడొద్దు. స్ట్రాటజీ ఒక్కటి మళ్లీ రాసి పంపు. ఉదాహరణకు నా మండీ వద్దు, నువ్వే వెతుక్కో. మీ నాయన అంగట్లో అప్పుల పుస్తకం ఉంది కదా, ఒక్కొక్కరికి ఒక్కో రకంగా వడ్డీ కడతాడని నువ్వే చెప్పినావు. అది అడిగి చూసుకో. మొదట ఇఫ్‌లతోనే రాయి, తెగేదాకా.

నీ
మామ